ఖాళీ డబ్బా

ఫొటో ఇంటర్నెట్లో బయటపడిన రోజు పొద్దున ల్యాబ్‌లో ఎవరూ సరిగ్గా నోరు విప్పలేదు. ఎక్కువ మాట్లాడిన వాడి మీద అనుమానం, అసలు మాట్లాడని వాడి మీద ఇంకా అనుమానం. అందుకని తలా రెండు మాటలు తూచినట్టు మాట్లాడేసి, ఎవరి బోర్డు మీదికి వాళ్ళు వంగిపోయారు.

ల్యాబ్ బాధ్యత చూసే సూయిన్ ఆ ఫొటోనే చూస్తూ కూర్చుంది. తెర నిండా ఒకటే వస్తువు. సాకెట్లో బిగించిన ప్రాసెసర్, దాని వెండిరంగు మూత, మూత మీద పేరు లేకుండా చెక్కిన అంకెలు. వచ్చే ఏడాది గానీ దుకాణాల్లోకి రాని సరుకు అది. అమెరికా కంపెనీ వాళ్ళు దాన్ని కంప్యూటర్ మదర్‌బోర్డులు తయారుచేసే కంపెనీలకి ముందుగా ఇస్తారు, అదీ సవాలక్ష షరతుల మీద. ల్యాబ్ గడప దాటకూడదు, ఫొటో తీయకూడదు, బయట పేరెత్తకూడదు. పేరెత్తకూడదు కనుక ల్యాబ్‌లో అందరూ దాన్ని పెళ్ళికూతురు అనేవాళ్ళు. ముసుగు తీసే ముహూర్తం దాకా మొహం చూపించని పెళ్ళికూతురు. ఇప్పుడా మొహాన్ని లోకమంతా చూసేసి, ముక్కు పొడుగనీ మూతి వంకరనీ కామెంట్లు రాస్తోంది.

"మనదే," అంది వెనకనుంచి యాచిన్. కరెంటు సర్క్యూట్ల పని చూస్తుందామె. సూయిన్‌తో సమానంగా ల్యాబ్‌లో జుట్టు నెరిసిన మనిషి. "ఆ గీత చూడు."

సాకెట్ పక్కన అల్యూమినియం దిమ్మ అంచు మీద సన్నటి గీత. స్క్రూడ్రైవర్ జారి పడ్డది. జారవిడిచింది సూయినే.

"మూడో బోర్డు," అంది సూయిన్.

"బీరువాకి తాళంచెవులు రెండే కదా. ఒకటి నీ దగ్గర, ఒకటి పెద్దాయన దగ్గర." ఆ మాట అనేశాక యాచిన్ నాలిక కరుచుకుంది. "నిన్నన్నానని కాదే తల్లీ. నిన్ననుకుంటే నా కళ్ళు పోతాయి."

సూయిన్ మనసు అప్పటికే పూజ రోజు మధ్యాహ్నానికి వెళ్ళిపోయింది.

చైనా పంచాంగం ఏడో నెలలో తైపేలో ప్రతి దుకాణం ముందూ ప్రతి ఆఫీసు ముందూ బల్లలు వేసి, దిక్కులేక తిరిగే ప్రేతాలకి తిండి పెడతారు. వాటిని ప్రేతాలనరు, మంచి అన్నదమ్ములంటారు. కంపెనీ కూడా ఏటా మెట్ల కింద, రోడ్డు వారన బల్లలు వేస్తుంది. సూయిన్ వాళ్ళది తాతల నాటి నుంచీ చర్చికి వెళ్ళే ఇల్లు. అగరొత్తి ముట్టదు, నైవేద్యం తినదు. ఆ పూట సెలవు పెట్టి ఇంటికి పోతుంది. ఎవరూ ఏమీ అనుకోరు. ఈ ఏడు వెళ్తూ వెళ్తూ బీరువా తాళంచెవి, తన దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు పాంగ్ చేతిలో పెట్టింది.

"మూడోదానికి పేస్టు మార్చు. కూలర్ విప్పి పాత పేస్టు తుడిచేసి, అలాగే బీరువాలో పెట్టు. రేపు పొద్దున కొత్తది నేను రాస్తాను," అంది. ప్రాసెసర్ వేడిని కూలర్‌కి అందించే బూడిద రంగు పేస్టు అది.

"అలాగే అక్కా. మరి నీ సంచీ?"

పూజ అయ్యాక బల్లల మీది బిస్కట్లూ నూడుల్సూ పానీయాల డబ్బాలూ సంచుల్లో కట్టి అందరికీ పంచుతారు.

"ఏటా మింగేది నువ్వేగా. కొత్తగా అడుగుతున్నావేం?"

"అడగడం మర్యాద కదా," అని నవ్వాడు పాంగ్.

మర్నాడు ఆమె బీరువా తెరిచి చూస్తే, మూడో బోర్డు సాకెట్ చుట్టూ ఉన్న చట్రం మీద బూడిద రంగు మరకలున్నాయి. తుడవమంటే ఇలాగేనా తుడవడం అని పాంగ్‌ని అందరి ముందూ కేకలేసింది. "నేను శుభ్రంగానే తుడిచానక్కా," అన్నాడతను. "అయితే ఇది నేను రాసుకున్నానా?" అంది. అతను ఇంకేదో అనబోయి ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం ఇప్పుడు ఆమెకి వేరేగా కనిపించింది.

పైనుంచి కబురొచ్చింది, గావ్ గారు రమ్మంటున్నారని.

గావ్ మావ్‌లిన్ కంపెనీ పెట్టిన మనిషి, ల్యాబ్‌లో అందరికీ పెద్దాయన. మొదటి బోర్డుకి తన చేత్తో టంకం పెట్టాడని గొప్పగా చెప్పుకుంటారు. కుడిచేతి చూపుడువేలు మీద ఆ కాలినమచ్చ ఇప్పటికీ ఉంది. ఆయన ఆ వేలితోనే ఫొటో చూపించి, "మనదేనా?" అన్నాడు.

"మనదే సార్. మూడో బోర్డు."

"గురువారం షి వస్తున్నాడు." షి అంటే అమెరికా కంపెనీ తరఫున ఇక్కడి వ్యవహారాలు చూసే మనిషి. "ఆయనకి పేరు కావాలి. పేరు లేకపోతే శాంపిళ్ళన్నీ పట్టుకుపోతాడు. తర్వాతి తరం ప్రాసెసర్ మన దగ్గరికి అందరికంటే ఆఖరున వస్తుంది. ఆఖరున వస్తే మన బోర్డూ ఆఖరునే. ఆఖరు బోర్డు ఎవడు కొంటాడమ్మా? నీ ల్యాబ్ కదా, నువ్వే కనుక్కో."

పేరు ఇవ్వడమంటే ఏమిటో సూయిన్‌కి తెలుసు. ఆ పేరు ఒకసారి అమెరికా వాళ్ళ చెవిన పడిందంటే, ఈ దేశంలో ఇంకే ల్యాబూ ఆ మనిషికి తలుపు తీయదు. చేతిలో పని ఉంటుంది, చేయనిచ్చేవాడుండడు.

మెట్లు దిగుతూ, "నా తాళంచెవి ఆ రోజు పాంగ్ దగ్గరుంది" అని ఆయనకి చెప్పలేదేమని తనని తను అడిగింది. మూడు మెట్లు దిగాక వెనక్కి వెళ్ళి చెప్పేసింది.

*

అనుమానం వచ్చాక మనిషిలో వెతికితే దొరకనిదేముంది?

పాంగ్ ఫోను బోర్లా పెట్టుకుంటాడు. ల్యాబ్‌లో అందరూ బోర్లాయే పెట్టుకుంటారు, కెమెరా మీద స్టిక్కర్ వేసుకుంటారు. కానీ పాంగ్ స్టిక్కర్ అంచు లేచిపోయి ఉంది. పాంగ్ ఈమధ్య జుట్టు కత్తిరించుకున్నాడు. ఈమధ్య సాయంత్రాలు తొందరగా వెళ్తున్నాడు. పాంగ్ ఎప్పుడూ ఈలవేస్తూ పనిచేసేవాడు, ఇప్పుడు వేయడం లేదు. ల్యాబ్‌లో ఇప్పుడు ఈలవేసే ధైర్యం ఎవరికుందని ఆమె ఆలోచించలేదు.

మధ్యాహ్నం పాంగ్ రెండో బోర్డు సాకెట్లో ప్రాసెసర్ మారుస్తుంటే దూరం నుంచి చూసింది. లోపల వెంట్రుకల్లాంటి వేల తీగలు. ఒక్కటి వంగినా ఆ బోర్డు చెత్తబుట్టకే. పాంగ్ ప్రాసెసర్‌ని రెండు వేళ్ళతో అంచులు పట్టుకుని, మూలనున్న బంగారు గుర్తుని గుర్తుకి కలిపి, ఊపిరి బిగబట్టి, నిలువుగా వదిలాడు. తర్వాత మీట నొక్కాడు. ఊపిరి బిగబట్టడం ఆమె నేర్పిందే. ఆ చేతుల్ని చూసి ఇన్నాళ్ళూ పొంగిపోయేది. ఈ పూట మాత్రం, ఇంత నేర్పున్న చేతికి ఫొటో తీయడం ఒక లెక్కా అనుకుంది.

భోజనాల దగ్గర యాచిన్ గొంతు తగ్గించి చెప్పింది. "చెప్పాలో వద్దో గానీ, పోయిన వారం పాంగ్‌ని ఎక్కడ చూశానో తెలుసా? వాళ్ళ గేటు దగ్గర."

వాళ్ళంటే నదికి అవతల ఉన్న పోటీ కంపెనీ. ల్యాబ్‌లో ఆ పేరు కూడా ఎత్తరు.

"ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడ్డాడమ్మా. మన పాంగ్, ఇస్త్రీ చొక్కా! చచ్చిపోయిన వాళ్ళ పెద్దనాన్న చూసినా గుర్తుపట్టడు."

"పోయిన వారం ఎప్పుడు?"

"బుధవారం."

బుధవారం పాంగ్ పంటి డాక్టరు దగ్గరికని చెప్పి తొందరగా వెళ్ళాడు. సూయిన్ చాప్‌స్టిక్స్ కింద పెట్టేసింది. అన్నంపెట్టెలో సగం అలాగే ఉండిపోయింది.

ఆ సాయంత్రం ఆమె ల్యాబ్‌లో ఒక్కొక్కరినీ గాజుగదిలోకి పిలిచి మాట్లాడింది. ఆ రోజు మధ్యాహ్నం పాంగ్ ఎక్కడున్నాడు? పూజ దగ్గరికి ఆలస్యంగా వచ్చాడా? చేతిలో ఫోనుందా? పాంగ్‌కి అప్పులేమైనా ఉన్నాయా, ఇల్లు మారాడా, కొత్త స్కూటర్ కొన్నాడా? మనుషులు మొదట తడబడ్డారు, తర్వాత తేలిక పడ్డారు. అనుమానం తమ మీద కాదని తెలిసిపోయింది కదా. తేలిక పడ్డవాళ్ళకి చాలా సంగతులు గుర్తొచ్చాయి. ఒకడికి పాంగ్ పూజ దగ్గర ఆఖరి వరసలో నిలబడ్డం గుర్తొచ్చింది. ఇంకొకడికి అతను ఏదో చూసి బిత్తరపోయినట్టు మొహం పెట్టడం గుర్తొచ్చింది. పాంగ్‌ని మాత్రం ఆమె పిలవలేదు. అతను గాజు అవతల కూర్చుని, ఆగిపోతున్న నాలుగో బోర్డుని ఆపి, చల్లార్చి, మళ్ళీ వెలిగిస్తూ ఉన్నాడు. ఆఖరి మనిషి బయటికి వెళ్ళాక ఒకసారి తలెత్తి ఆమె వైపు చూశాడు. ఇప్పుడు నా వంతా అన్నట్టు. ఆమె ఫోను తీసుకుని గావ్ గారికి చేసింది.

మర్నాడు పర్సనెల్ ఆఫీసు నుంచి ఒకావిడ అట్టపెట్టె పట్టుకుని వచ్చింది. వెంట గార్డు. విచారణ అయ్యేదాకా ఇంట్లో ఉండమని కాగితం చదివింది. పాంగ్ చదువుతున్నంతసేపూ బల్ల మీద చెయ్యి ఆనించి విన్నాడు. కప్పు, చెప్పులు, మెడకి కట్టుకునే తువ్వాలు, రెండు నైవేద్యం సంచులు పెట్టెలో పెట్టుకున్నాడు. ఒక సంచీ విప్పి సగం తిన్నది. ఇంకొకటి ముడి కూడా విప్పలేదు. ఎవరూ తలెత్తలేదు. అన్ని తలలూ ఒకేసారి పనిలో మునిగిపోవడం ఆ ల్యాబ్‌లో ఎప్పుడూ జరగలేదు.

సూయిన్ లిఫ్టు దాకా వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో ఆమెకే తెలియదు. తలుపు తెరుచుకుంది. పాంగ్ లోపలికి వెళ్ళి ఇటు తిరిగి నిలబడ్డాడు. ఆమె మొహం వంకే చూస్తున్నాడు.

"డ్రాయరు తాళం?" అంది.

అతను పెట్టె మోకాలి మీద ఆనించుకుని, జేబులోంచి తాళంచెవి తీసి ఇచ్చాడు. తలుపు మూసుకుంది.

*

తర్వాత పని ముందుకు సాగలేదు. నాలుగో బోర్డు చల్లగా ఉన్నప్పుడు వెలగదు, వేడెక్కాక వెలుగుతుంది. దాని ఒడుపు పాంగ్‌కి తెలుసు. సూయిన్‌కీ తెలుసుగానీ చెయ్యి ఆడటం లేదు. మూడో బోర్డు తీసి కూలర్ విప్పి పేస్టు తుడిచింది. గుడ్డకి ఆల్కహాల్ తడిపి ఒకసారి తుడిస్తే పేస్టు జిడ్డుగా సాగింది, రెండోసారికి గుడ్డకి అంటింది, మూడోసారికి గానీ వదల్లేదు. అది చూస్తూ ఆమె ఒక క్షణం ఆగింది. ఎక్కడో ఏదో అడ్డుపడింది. ఏమిటో తేలలేదు.

బుధవారం మధ్యాహ్నం అన్నం తెచ్చుకుందామని బయటికి వచ్చింది. వీధంతా పొగ. ఆ రోజు మందుల షాపు వాళ్ళ పూజ. ఇనప డ్రమ్ములో ముసలాయన కాగితం డబ్బు గుప్పిళ్ళతో వేస్తుంటే, మంట వేడికి ఫుట్‌పాత్ మీద నడిచేవాళ్ళు రోడ్డెక్కుతున్నారు. సూయిన్ ఓ పక్కకి ఒదిగి, నిలబడే ఫోను తీసింది. మళ్ళీ ఆ ఫొటోయే. మనిషి పుండు గెలుక్కున్నట్టు ఈమధ్య అదొక అలవాటైపోయింది.

ఫోను మీద ఏదో రాలింది. బొటనవేలితో తుడిచింది. పొడిగా జారిపోయింది. ఇంకొకటి రాలింది. ఈసారి వేలికి చెమట ఉంది, బూడిద రంగు చార పడింది.

ఆ చార వైపు చూస్తూ ఆమె అలాగే నిలబడిపోయింది.

ఆ పొద్దున చట్రం మీద ఉన్నది పేస్టు కాదు. పేస్టయితే సాగేది. అది ఒక్క తుడుపుకే పోయింది. తుడిచింది తన చెయ్యే. తుడుస్తూ నోటితో పాంగ్‌ని తిడుతోంది కనుక చేతికి తెలిసింది బుర్రకెక్కలేదు.

ఫోనుని చొక్కాకి తుడిచి ఫొటోని పెద్దది చేసింది. ప్రాసెసర్ మూత అద్దం లాంటిది. ల్యాబ్‌లో కిటికీలన్నీ నల్లకాగితం అతికించి మూసేశారు. ఏ మెరిసే వస్తువుని చూసినా దాని మీద పైనున్న ట్యూబులైట్లు గీతలుగా కనిపిస్తాయి. ఈ మూత మీద గీతల్లేవు. మూతంతా ఒకే తెలుపు. ఓ మూల మాత్రం లేతగా ఎర్రజీర. ఆకాశం, ఎర్రగుడ్డ.

"కాస్త జరుగమ్మా, బట్టలు కాలతాయి," అన్నట్టు చెయ్యూపి, ముసలాయన ఏదో అరిచాడు. ఆమెకి వినపడలేదు. అన్నం సంగతి మరిచిపోయి ఆఫీసుకి నడిచింది.

"యాచిన్, పూజ బల్ల మీద ఏం పెట్టారు?"

"నువ్వడుగుతున్నావా? నీకెందుకవన్నీ?" యాచిన్ నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేసింది. "బాతు, పందిమాంసం, ఆపిల్స్, చిప్స్ పొట్లాలు. ఎప్పుడూ ఉండేవే."

"గావ్ గారు ఏం పెట్టారు?"

"ఏటా పెట్టేదే. కొత్త బోర్డు డబ్బా. ఎర్రగుడ్డ కప్పి తెస్తాడుగా, దణ్ణం పెట్టేటప్పుడు గుడ్డ ఎత్తుతాడు, అగరొత్తులు తిప్పుతాడు, మళ్ళీ కప్పేస్తాడు."

"డబ్బానా? బోర్డా?"

"నేనెక్కడ చూశాను, నా ముందు గిడ్డంగి వాళ్ళంతా తాడిచెట్లలా నిలబడితే. రోడ్డు మీద స్కూటర్లవాళ్ళు ఆగి మరీ..." యాచిన్ చేతిలో టీ కప్పు అలాగే గాల్లో ఆగింది. "సూయిన్. డబ్బాయే కదూ?"

*

గావ్ గారు టీ కాచుకుంటున్నాడు. చిన్న కుండలోంచి చిన్న కప్పులోకి వంచి, ఆమె ముందుకి జరిపాడు. ఆమె ముట్టుకోలేదు.

"సార్, మూడో బోర్డు మీద ఆ రోజున్నది అగరొత్తుల బూడిద," అంది.

ఆయన కుండని కింద పెట్టాడు. మూత సరిగ్గా కూర్చోలేదు. కూర్చోబెట్టాడు. మళ్ళీ తీసి మళ్ళీ పెట్టాడు.

"అసలు బోర్డే పెట్టారా?"

"అందరూ ఖాళీ డబ్బా పెడతారు," అన్నాడాయన. "నాకు తెలుసు. మా నాన్న ఇనప సామాన్ల కొట్టు నడిపేవాడు. పూజకి అమ్మే సరుకే పెట్టేవాడు. ఖాళీ డబ్బా పెట్టి వాళ్ళ ముందు వేషాలెయ్యకురా, వాళ్ళకి మనకంటే బాగా కనిపిస్తుంది అనేవాడు. మొదటి బోర్డు నుంచీ నేను అసలుదే పెట్టాను. ఏటా పెట్టింది అప్పటికే విడుదలైన బోర్డు కనుక తప్పులేదు. ఈ ఏటి బోర్డుకి ఇబ్బందులు ఎక్కువున్నాయి కదా, వెలగట్లేదు, ఆగిపోతోంది... ముందే చూపిద్దామనుకున్నాను. బీరువా తీస్తే మూడోది పైన ఉంది. కూలర్ కూడా విప్పి ఉంది. మొహం కనిపిస్తోంది, మంచిదే అనుకున్నాను." కాలినమచ్చని బొటనవేలితో రుద్దుకున్నాడు. "రెండు నిమిషాలమ్మా. గుడ్డ ఎత్తింది రెండు నిమిషాలు."

"ఫొటో వచ్చిన రోజు మీకు అనుమానం రాలేదా?"

"వచ్చింది." ఆయన ఆమె కళ్ళలోకి చూశాడు. "నా మీద వచ్చింది. అంతలో నువ్వు వచ్చి తాళంచెవి పాంగ్ దగ్గరుందన్నావు. పాంగ్ మీదా వచ్చింది. రెంటిలో ఏది పెంచుకోవడం సుఖమో అది పెంచుకున్నాను."

ఆ మాట ఆమెకీ తగిలింది. తగిలిందని మొహంలో కనపడనివ్వలేదు.

"రేపు షి వస్తాడు. ఏం చెప్తారు?"

"పాంగ్ చిన్నవాడు, పెళ్ళామా పిల్లలా. ఇంకో రంగంలో చూసుకుంటాడు. నేను డబ్బిస్తాను, మా బావమరిది ఫ్యాక్టరీలో వేయిస్తాను. ఇక్కడ మూడొందలమంది ఉన్నారు సూయిన్. వాళ్ళందరి..."

"సార్." ఆమె గొంతు తనకే కొత్తగా వినిపించింది. "దయ్యాల ముందు ఖాళీ డబ్బా పెట్టడానికి మీకు మనసొప్పలేదు. పాంగ్ ముందు పెట్టడానికి ఒప్పిందా?"

ఈ నెలలో దయ్యాలని ఆ పేరు పెట్టి ఎవరూ పిలవరు. గావ్ గారు ఉలిక్కిపడి తలుపు వైపు చూశాడు. తర్వాత కప్పులోని టీ పళ్ళెంలో పారబోసి, కుండ ఖాళీ చేసి, కొత్త ఆకు వేశాడు. నీళ్ళు మాత్రం పోయలేదు. ఆమె లేచి వచ్చేసింది.

*

గురువారం షి వచ్చాడు. సన్నటి మనిషి, చల్లటి మాట. చెమటపట్టదు, నవ్వు రాదు. కూర్చోగానే ఫోను తీసి బోర్లా పెట్టాడు.

"పేరు సిద్ధంగా ఉందన్నారు," అన్నాడు.

గావ్ గారు నోరు తెరిచాడు. మూశాడు. సూయిన్ వైపు తిరిగాడు. "నువ్వే చెప్పమ్మా. ల్యాబ్ నీది," అన్నాడు. ఆ మాటకి అర్థం ఏమిటో ఆమెకి ఆ తర్వాత కూడా పూర్తిగా తేలలేదు. ధైర్యం చాలక అన్నాడో, అడ్డు చెప్పనని అన్నాడో.

ఆమె చెప్పింది. పూజ, ఎర్రగుడ్డ, బూడిద, మూత మీద ట్యూబులైట్ల గీతలు లేకపోవడం, అన్నీ చెప్పింది. ఫొటో తీసినవాడు రోడ్డున పోయేవాడెవడో అయి ఉంటాడు, ఎప్పటికీ తెలియదు అని చెప్పింది. తన ల్యాబ్‌లో మనిషి తప్పు లేదని చెప్పి, ఆ మాట ఇంకోసారి చెప్పింది.

షి కుర్చీ గావ్ గారి వైపు తిప్పుకున్నాడు.

"ఖాళీ డబ్బా పెట్టొచ్చు కదండీ," అన్నాడు. చల్లటి మాట పోయి, ఇంట్లో మాట్లాడే మాట వచ్చింది. "మా ఆఫీసులో కూడా పెడతాం. ఖాళీదే పెడతాం. అందరూ ఖాళీదే పెడతారు."

"పెట్టాల్సింది," అన్నాడు గావ్ గారు. "ఏ పేరు రాసుకుంటారో నా పేరే రాసుకోండి," అన్నాడు.

షి ఫోను తిప్పి చూసుకుని, మళ్ళీ చల్లబడ్డాడు. శాంపిళ్ళన్నీ ఆ సాయంత్రమే వాళ్ళ మనిషి వచ్చి పెట్టెలో సర్దుకున్నాడు. మూడో బోర్డులోంచి ప్రాసెసర్‌ని సూయినే తీసి ఇచ్చింది. రెండు వేళ్ళతో అంచులు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, నిలువుగా ఎత్తింది. ఖాళీ సాకెట్ మీద నల్లమూత పెట్టింది. ల్యాబ్‌లో చప్పుడు లేదు. నాలుగో బోర్డు ఫ్యాను కూడా ఆగిపోయింది.

"ఇప్పుడు మన గతేమిటే?" అంది యాచిన్.

"ఆఖరున నిలబడటమే," అంది సూయిన్. సంచీ భుజాన వేసుకుని పాంగ్ ఇంటికి బయల్దేరింది.

*

పాంగ్ వాళ్ళ అక్క యుంగ్‌హె అనే పేటలో స్కూటర్లు బాగుచేసే కొట్టు నడుపుతోంది. పైన అతని గది. మెట్లెక్కి వెళ్తుంటే సూయిన్‌కి చాలా తేలిగ్గా ఉంది. మంచి కబురు మోసుకుపోయేవాళ్ళకి ఉండే తేలిక. ఏం మాట్లాడాలో దారంతా అనుకుంటూ వచ్చింది. క్షమించమని అడగాలి, పేరు ఎక్కడా వెళ్ళలేదని చెప్పాలి, సోమవారం రమ్మనాలి, నాలుగో బోర్డు సంగతి చెప్పి నవ్వించాలి.

తలుపు ఓ అమ్మాయి తీసింది. ఆఫీసు నుంచి నేరుగా వచ్చినట్టుంది, మెళ్ళో ఇంకా గుర్తింపు కార్డు ఉంది. ఆ కార్డు తాడు రంగు సూయిన్‌కి బాగా తెలుసు. నదికి అవతలి కంపెనీది.

"అక్కా, ఈమె యిచెన్," అన్నాడు పాంగ్ వెనకనుంచి. "అక్కడ క్యాంటీన్ లెక్కలు చూస్తుంది. ఆ బుధవారం వాళ్ళ అమ్మానాన్నల్ని కలవడానికి వెళ్ళాను. పోటీ కంపెనీలో మనవాళ్ళుంటే ల్యాబ్‌లో ముందే చెప్పాలన్నారు కదా, సంబంధం కుదిరాక చెబుదామని పంటినొప్పి అన్నాను. అది అబద్ధమే. ఒప్పుకుంటా."

అమ్మాయి లోపలికి వెళ్ళి నీళ్ళు తెచ్చింది. కింద ఎవరో స్కూటర్ యాక్సిలరేటర్ తిప్పి తిప్పి చూస్తున్నారు.

సూయిన్ అంతా చెప్పింది. ఎర్రగుడ్డ సంగతి చెబుతున్నప్పుడు పాంగ్ ఆశ్చర్యపోతాడని చూసింది. అతను ఆశ్చర్యపోలేదు. బల్ల మీద నీళ్ళగ్లాసు అడుగు చేసిన తడి గుండ్రాన్ని వేలితో చెరుపుతూ విన్నాడు.

ఆమె మాట మధ్యలో ఆగిపోయింది.

"నీకు తెలుసు."

"ఆఖరి వరసలో ఉన్నాను. ఆ పక్కనుంచి బాగా కనిపిస్తుంది. గుడ్డ ఎత్తగానే నా గుండె ఆగిపోయింది. అంతసేపూ ఆ కూలర్ ఎందుకు విప్పానురా అని ఏడుస్తున్నా." చిన్నగా నవ్వాడు. "మర్నాడు బూడిద చూసి నువ్వు తిడుతుంటే చెప్పబోయాను."

"మరి ఆ తర్వాత? ఎందుకు చెప్పలేదు? పెట్టె పట్టుకుని వెళ్ళిపోతూ కూడా..."

"ఎవరికి చెప్పను? పెద్దాయన పెట్టాడని పెద్దాయనకా? నన్ను కాపాడుకోవడానికి యజమాని మీదికి నెట్టానంటారు. ఒక్క మనిషి అడిగితే మాత్రం చెబుదామనుకున్నాను. అడిగినవాళ్ళకి చెప్పడం వేరు కదా." అతను తలెత్తాడు. గాజుగది అవతల నుంచి చూసిన చూపే అది. "అందర్నీ పిలిచావక్కా. ఒక్కొక్కర్నీ కూర్చోబెట్టి నా గురించి అడిగావు. నేను వంతు కోసం చూస్తూనే ఉన్నాను. లిఫ్టు దాకా వచ్చావు, సరే ఇప్పుడు అడుగుతుంది అనుకున్నా. డ్రాయరు తాళం అడిగావు."

సూయిన్‌కి ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"సోమవారం వస్తావా?" అంది, ఆ మాట ఎంత పనికిరానిదో తెలిసీ.

"యిచెన్ వాళ్ళ ల్యాబ్‌లో మాట్లాడింది. అప్పుడు వెళ్ళింది ఉద్యోగానికి కాదు. నిన్న వెళ్ళింది ఉద్యోగానికే. రమ్మన్నారు." మాటలో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదనిపించింది ఆమెకి. "నాలుగోది చల్లగా ఉన్నప్పుడు వెలగదు కదా, మెమరీ పక్కన రెండో కెపాసిటర్ చూడు. వెళ్ళే ముందు చెబుదామనుకున్నా."

"శాంపిళ్ళు పట్టుకుపోయారు."

"ఓ," అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు.

ఆమె లేచింది. తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటుంటే, "ఉండక్కా," అని లోపలికి వెళ్ళి వచ్చాడు. చేతిలో నైవేద్యం సంచీ. ముడి విప్పలేదు.

"నీ వాటా. తినబుద్ధి కాలేదు," అన్నాడు. "వచ్చే ఏడాది ఎవరికిస్తావో చూసుకో."

ఆమె సంచీ తీసుకుని మెట్లు దిగింది. చాలా బరువేం లేదు, రెండు బిస్కట్ పొట్లాలు, నూడుల్స్, ఒక పానీయం డబ్బా. వీధి చివర ఎవరో బల్ల వేసి పూజ మొదలుపెట్టారు. ఆ పొగలోంచే నడిచి, బస్సు వచ్చేదాకా ఆ సంచీని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.